ఎడమచేతి దెబ్బ

జుబైల్ పాత చేపల రేవులో, అందరూ చూస్తుండగా, లింబాద్రి చేతిలోని తెడ్డును సముద్రంలోకి విసిరికొట్టాడు. పోయిన వారం అక్కడ ఆగాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకు అది ఎందుకో తెలియాలి కాబట్టి నాలుగు మాటలు.

ఆ శుక్రవారం రేవులో పడవల కచేరీ. వేదిక లేదు, తబలా లేదు, హార్మోనియం లేదు. పడవలే వాయిద్యాలు, నీళ్లే వాయిద్యాలు. ఫైబర్ పడవల అంచుల మీద తెడ్లతో కొట్టేవాళ్లు కొందరు. సగం నీళ్లు నింపిన నీలం డ్రమ్ములను తేలేసి వాయించేవాళ్లు కొందరు. నీళ్లలోకి నిలువుగా దించిన పైపుల మూతుల మీద రబ్బరు చెప్పులతో చరిచేవాళ్లు కొందరు. పైపును దించినకొద్దీ స్వరం సన్నబడుతుంది, పైకి లాగినకొద్దీ లావవుతుంది. దీన్నంతా నెత్తినేసుకున్న మనిషి పద్మజ. కాకినాడామె, ఇక్కడొక ప్లాంటులో ప్రాసెస్ ఇంజనీరు. సౌదీ పాత నావికులకు, బంగ్లాదేశీ జాలర్లకు, లేబర్ క్యాంపుల్లో ఉండే మన ఫిట్టర్లకు, వెల్డర్లకు తలా ఒక భాగం పంచింది.

మనవాళ్ల భాగానికి పెద్ద హన్మాండ్లు. లింబాద్రికి మేనమామ. శ్రీరాంసాగర్ వెనక నీళ్లలో తెప్ప నడిపి, తర్వాత ఇక్కడికొచ్చి పైపులు మోసిన మనిషి. తాళాన్ని మూడు ముక్కలు చేసి మూడు జట్లకు వేరువేరుగా నేర్పాడు. ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ పని నడుస్తున్నది, షిఫ్టులు కలవవు, అందుకే అన్నాడు. లింబాద్రి నమ్మాడు. ఆ సాయంత్రం నీళ్ల మీద, అసలు వాయింపుకు ముందు ఒక్కసారి సరిచూసుకుందామని మూడు జట్లూ కలిసి కొట్టాయి. మూడు ముక్కలూ కలిసీ కలవగానే లింబాద్రి గుర్తుపట్టాడు. అది పండుగ తాళం కాదు. గంగను పిలిచే తాళం.

వాళ్లు గంగ అని పిలిచే గోదావరి ఒడ్డున నీళ్లలో మనిషి తప్పిపోతే తెప్పలన్నీ వెళ్లి చుట్టు కడతాయి. తెప్పల కడుపుల మీద, నీళ్ల మీద ఒక్క తాళం కొడతారు. కొట్టి, ఆపి, వింటారు. మనిషి ఎక్కడన్నా బతికి ఉంటే జవాబు కొడతాడు. జవాబు రాకపోతే ఆ పొద్దుతో అతను లేనట్టే. మళ్లీ పిలవరు. ఒక మనిషికి ఒక్కటే పిలుపు.

లింబాద్రి అన్న లక్ష్మణ్ ఈ సముద్రంలోనే పోయి రెండేళ్లు. చేపల వేట వీసా మీద వచ్చాడు. ఈదురుగాలి లేచిన ఒక తెల్లవారుజామున లాంచీ మీద నుంచి కనిపించకుండా పోయాడు. శవం దొరకలేదు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, వెతికించలేదు, పని ఎగ్గొట్టి పారిపోయాడని హురూబ్ కేసు పెట్టాడు. నీళ్లలో పడ్డ మనిషిని కాగితం మీద దొంగను చేసి చేతులు కడుక్కున్నాడు.

అదీ సంగతి. తెడ్డు ఇంకా నీళ్ల మీద తేలుతూ దూరం పోతూనే ఉంది.

*

"తెడ్డు పోతున్నది. ముందుగాల దాన్నందుకో" అన్నాడు హన్మాండ్లు, పడవ మూతి దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

"ఎవనికి పిలుస్తున్నవ్ మామా?"

"ఎర్కుండి అడుగుతవేందిరా."

"మా అన్న సచ్చిండని నువ్వొక్కనివే తీర్మానం జేసినవా? నన్నడగలే. వదిననడగలే. డ్రమ్ములకు ఓ ముక్క, పైపులకు ఓ ముక్క, తెడ్లకు ఓ ముక్క. దొంగసారా పంచినట్టు పంచినవ్ గదా."

పడవలో మిగతావాళ్లు తలలు దించుకున్నారు. చుట్టుపక్కల పడవల్లోనూ మాటలు ఆగిపోయాయి. రేవు మెట్ల మీద సౌదీ ముసలివాళ్ల వంతు నడుస్తోంది. మట్టి కుండల మూతుల మీద అరచేతులతో కొడుతూ, ముత్యాల కోసం మునిగిన కాలం నాటి పాట ఎత్తుకున్నారు. నీటి అడుగు నుంచి వస్తున్నంత లోతుగా ఉన్నాయి వాళ్ల గొంతులు. ఒడ్డున జనం, పిల్లాపాపలతో, చాపలు పరుచుకుని వింటున్నారు. ఆ పాట అయిపోగానే మనవాళ్ల వంతు.

"పిలుసుడంటే సంపుడు గాదు" అన్నాడు హన్మాండ్లు. "అడుగుడు. ఉన్నవా, లేవా అని అడుగుడు."

"జవాబు రాకపోతే?"

ముసలాయన దూరం పోతున్న తెడ్డు వైపు చూశాడు.

"చెప్పు మామా. జవాబు రాకపోతే ఏమైతది? ఇయ్యాల్టి దాంక మా అన్న ఎక్కడో ఉన్నడు. ఏ ఖర్జ్ తోటల దిక్కో, ఏ ఒమాన్ దిక్కో, జైల్లనో, దవాఖాన్లనో. ఎక్కడో ఓ కాడ. నువ్వు పిలిచి ఆపినంక ఇగ ఎక్కడా ఉండడు. నేను గొట్ట. మొదటి దెబ్బ రక్తం పంచుకున్నోనిదే గదా? నేను లేకుంటే నీ పిలుపు నడవదు గదా? నడవనియ్య."

హన్మాండ్లు మేనల్లుడి వైపు తిరిగి కూర్చున్నాడు. పడవ ఒకవైపు ఒరిగింది.

"రెండేండ్ల సంది ఈ నీళ్ల దిక్కు మనల్ని రానిచ్చిన్రారా? ఫెన్సింగు కాడ నిలవడి చూసినం. క్యాంపు కార్డు జూపియ్యంగనే పో పో అన్నరు. పడవ గావాలంటే పర్మిషన్, పర్మిషన్ గావాలంటే కఫీల్. ఆ కఫీలే మనోన్ని పారిపోయినోడని రాసిండు. ఇగ ఎవన్ని అడుగుదాం? గిప్పుడు జూడు." చెయ్యి గుండ్రంగా తిప్పాడు. రేవు నిండా పడవలు. పడవల నిండా క్యాంపు మనుషులు. "పాటగాండ్లంటే సముద్రం తలుపు తీసిన్రు. కోస్ట్ గార్డోడే తాడు పట్టి ఎక్కించిండు. మా మనిషిని పిలుసుకుంటమంటే తీస్తుండెనా? గిన్ని పడవలు, గింతమంది మనోళ్లు, ఒక్క నీళ్ల మీద మళ్లెప్పుడు గలుస్తరు?"

"అందుకని దొంగతనంగ జేస్తవా?"

"చేస్త. వాన్ని తెప్ప మీద నిలవెట్టింది నేను. తాళం నేర్పింది నేను. వల తాడు సుట్టుకొని ఎడమచేతి ఏళ్లు రెండు కట్టెలైనయ్ గదా, ఎడమ దెబ్బ ఎప్పుడూ ఎనుకవడేది. కుంటెద్దు నడిచినట్టు కొడుతున్నవేందిరా అని తిట్టేటోన్ని. మామా, ఇది నా కంపెనీ మార్కు అని నవ్వేటోడు." హన్మాండ్లు కాండ్రించి నీళ్లలో ఉమ్మాడు. "ఆని పేరు దొంగల లిస్టుల ఉండుడు నాకిష్టం లేదురా. సచ్చినోళ్లల్ల ఉంటే ఉండనీ. బతికినోళ్లల్ల ఉంటే ఇంకా మంచిది. దొంగలల్ల మాత్రం ఉండొద్దు."

లింబాద్రి కోపంగా వేరేవైపు చూశాడు. అటు నుంచి పద్మజ చిన్న బోటులో వస్తోంది, చేతిలో ఆకుపచ్చ జెండా, ఎర్ర జెండా. దారిలో తెడ్డును కూడా పట్టుకొచ్చింది.

"లింబాద్రి గారూ, ఏమైందండీ? వాళ్లది అయిపోవచ్చింది. సాయంత్రం మగ్రిబ్ అజాన్‌కి ముందే మనం ముగించెయ్యాలి. టైమ్ అస్సలు లేదు."

లింబాద్రి చెప్పేశాడు. దాచుకోవాల్సిన అవసరం తనకేముంది? తాళం ఏమిటో, ఎవరి కోసమో, మామ ఏం చేశాడో, అంతా ఒక్క గుక్కలో. పద్మజ ముఖం మొదట ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

"హన్మాండ్లు గారూ, ఒక్క మాట నాతో చెప్పొచ్చుగా?"

"చెప్తే మీ కమిటీ ఒప్పుకుంటుండెనా అమ్మా?"

ఆమె ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఒప్పుకునేది కాదు. నేనూ భయపడేదాన్నేమో." తెడ్డును పడవలోకి అందించి, లింబాద్రి వైపు తిరిగింది. "నా దగ్గర రెండో ఐటమ్ ఉంది. మామూలు తాళం, బంగ్లాదేశ్ వాళ్లతో కలిపి లాగించేస్తాను, ఎవరికీ తెలియదు. వద్దంటే ఇప్పుడే చెప్పండి. కొడతానంటే మాత్రం నేను జెండా ఊపను. అది నేను ఇచ్చే క్యూ కాదు. మీ ఇంటిది."

మామ చూస్తున్నాడు. పద్మజ చూస్తోంది. చుట్టూ పడవలు చూస్తున్నాయి. లింబాద్రి జేబులోంచి ఫోన్ తీశాడు.

"వదిననడుగుత" అన్నాడు. "ఆమె వద్దంటే వద్దు. నువ్వు గాదు, నేను గాదు."

*

వదిన పుష్ప వీడియోలోకి వచ్చేసరికి ఒడిలో చాట, చాటలో బీడీ ఆకు. అక్కడ చీకటి పడిపోయింది. ఆమె మాట్లాడుతూనే ఆకు కత్తిరిస్తోంది. లింబాద్రి చెప్పడం మొదలుపెట్టాక కత్తెర ఆగింది.

"నాకు నీళ్లు జూపియ్" అంది, అంతా విన్నాక.

లింబాద్రి ఫోన్‌ను సముద్రం వైపు తిప్పాడు. పడమట ప్లాంట్ల మంట గొట్టాలు, వాటి వెనక దిగుతున్న పొద్దు. తూర్పున ఏమీ లేదు, నీళ్లే. భర్త పోయిన చోటును ఆమె చూడడం అదే మొదటిసారి. రెండేళ్లలో ఎవడూ ఆమెకది చూపించలేదు. ఆమె చాలాసేపు చూసింది.

"గింత పెద్దగ ఉంటదా" అంది చివరికి. గొంతులో ఏడుపు లేదు. కోపం కూడా లేదు. కొండ ముందు నిలబడ్డ మనిషి గొంతు.

"వదినా, ఒక్కపారి పిలిచినంక..."

"నాకెర్కనే. నేనూ గంగ ఒడ్డు దాన్నే."

"జవాబు రాకపోతే?"

"రాకపోతే రాలేదని ఎర్కైతది." ఆమె చాట పక్కన పెట్టింది. "లింబాద్రీ, బొట్టు వెట్టుకుంటే ఓ మాటంటున్నరు, తీస్తే ఓ మాటంటున్నరు. బతికున్నోని పెండ్లామునా, పోయినోని పెండ్లామునా, పారిపోయినోని పెండ్లామునా, నాకే తెలుస్తలేదు. పారిపోయిండని రాసినోడు నన్నడిగి రాసిండా? నువ్వన్న అడిగినవ్. కొట్టు. ఫోన్ మాత్రం వెట్టెయ్యకు. నేనింట."

లింబాద్రి ఫోన్‌ను పడవ మూతిలో, చుట్ట చుట్టిన తాడు మీద నిలబెట్టాడు. హన్మాండ్లు తెడ్డు అందించబోయాడు.

"దీనికి తెడ్డెందుకు మామా" అన్నాడు లింబాద్రి.

మొదటి దెబ్బ ఉత్త అరచేత్తో. పడవ కడుపు మీద, నీటి గీత పడే చోట. అది చిన్నప్పుడు చూసినదే, చేతికి గుర్తుంది. కుండల పాట ఆగింది. ఒడ్డు మీద చప్పట్లు మోగి సద్దుమణిగాయి. పద్మజ రెండు జెండాలూ చుట్టి బోటులో పెట్టేసింది.

లింబాద్రి కొట్టాడు.

ఒక్క దెబ్బ. రేవు గోడకు తగిలి తిరిగొచ్చింది.

తర్వాత తెడ్లు లేచాయి. పడవల అంచుల మీద పడ్డాయి, ఒకటి కాదు, రేవులో ఉన్నవన్నీ. వాటి కింద డ్రమ్ములు అందుకున్నాయి. సగం నీళ్లున్న డ్రమ్ము కొడితే చప్పుడు లోపల ఒకసారి తిరిగి బయటికొస్తుంది, అన్నీ అలా తిరిగి వచ్చాయి. వాటి మీద పైపులు, ఒకటి సన్నగా, ఒకటి లావుగా, ఊపిరి పీల్చి వదిలినట్టు. మూడు ముక్కలూ కలిశాయి. ఈసారి సరిచూసుకోవడం కాదు. ఈసారి నిజం.

లింబాద్రి జీవితంలో పెద్ద చప్పుళ్లు విన్నాడు. శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తినప్పుడు విన్నాడు. ప్లాంటులో ఆవిరి లైన్లను ఊదినప్పుడు, చెవుల్లో మూతలు పెట్టుకుని కూడా పళ్లు అదిరేలా విన్నాడు. అవన్నీ బయటి నుంచి వచ్చి మనిషిని కొట్టేవి. ఇది కూర్చున్న చెక్క కింద నుంచి లేచింది. పడవ కాళ్లకు చెప్పింది, కాళ్లు కడుపుకు చెప్పాయి. నీళ్ల మీద సన్నని ముడతలు లేచి, పడవ నుంచి పడవకు పాకి, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయాయి. చప్పుడు కంటికి కనిపించింది. చిన్న చేపల మంద ఒకటి భయపడి ఒక్కసారిగా పైకెగిరి, వెండి పిడికెడు విసిరినట్టు మెరిసి మళ్లీ పడింది.

కొట్టేవాళ్లను చూశాడు. రోజూ హెల్మెట్ల కింద నంబర్లుగా తిరిగే మనుషులు. ఈ నగరంలో ప్రతి గొట్టానికీ, ప్రతి ట్యాంకుకూ వీళ్ల చెయ్యి తగిలింది, ఒక్కదాని మీదా వీళ్ల పేరు లేదు. ఇప్పుడు సముద్రం వీళ్ల చేతుల కింద మోగుతోంది. ఒడ్డున చాపల మీది జనం ఒక్కొక్కరుగా లేచి నిలబడ్డారు. ఎవరూ లెమ్మనలేదు. కుండల ముసలివాళ్లు కూడా లేచారు. వాళ్లలో ఒకాయన తలగుడ్డ తీసి గుండెకు పెట్టుకున్నాడు. నీళ్లలో మనుషుల్ని పోగొట్టుకున్న జాతికి ఇదేమిటో ఎవడో చెప్పాలా?

పక్క పడవలో బంగ్లాదేశీ జాలర్లు, వాళ్ల వంతు కాకపోయినా, నీళ్లను అరచేతులతో చరచడం మొదలుపెట్టారు. వాళ్లకు వాళ్లవాళ్లు ఉన్నారు. పిలుపు పెద్దదైంది. లింబాద్రికి తన చెయ్యి ఎక్కడ ఆగిందో, మిగతా చేతులు ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. భయం ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. అన్నా, ఉన్నవా. అన్నా, ఉన్నవా. తాళం అదే అడుగుతోంది, అతని నోరు కాదు.

హన్మాండ్లు చెయ్యెత్తాడు.

అన్నీ ఆగిపోయాయి.

నియమం ప్రకారం తెడ్లను పడవల మీద అడ్డంగా పెట్టారు. వినడానికి. ముడతలు గోడ దాకా పోయి నెమ్మదిగా చచ్చిపోయాయి. ఒడ్డున పసిపిల్ల ఒకటి ఏదో అడగబోతే తల్లి నోరు మూసింది. తెడ్ల నుంచి కారే బొట్టు బొట్టూ వినిపిస్తోంది. తాడు మీది ఫోన్‌లో పుష్ప ఊపిరి వినిపిస్తోంది.

పొద్దు మంట గొట్టాల వెనక్కి దిగింది. ఏమీ లేదు.

హన్మాండ్లు కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఇక లేచి, లక్ష్మణ్ లేడన్న ఆ చెప్పకూడని మాట చెప్పాలి. లింబాద్రి ఫోన్ వైపు చూడలేక పడవ అడుగున నిలిచిన నీళ్లను చూస్తున్నాడు.

అప్పుడు వచ్చింది.

గోడ అవతల నుంచి. పెద్ద కట్టె డొల్ల మీద కట్టెతో కొట్టిన చప్పుడు, లోతుగా, ఓపికగా. రెండు కుడి. ఒకటి ఎడమ. ఆగి, మళ్లీ ఒకటి ఎడమ.

జవాబు.

పడవల్లో ఒక్కడు కదల్లేదు. గంగ ఒడ్డున పుట్టిన ప్రతివాడికీ ఆ జవాబు తెలుసు. పుట్టనివాళ్లకు కూడా ఏదో జరిగిందని అర్థమైంది.

మళ్లీ వచ్చింది. రెండు కుడి. ఎడమ. ఆగి, ఎడమ. ఈసారి లింబాద్రి విన్నాడు. ఎడమ దెబ్బ రెప్పపాటు ఆలస్యంగా పడుతోంది. కుంటెద్దు నడిచినట్టు.

"లింబాద్రీ." ఫోన్‌లోంచి పుష్ప గొంతు, సన్నగా, ఎవరినో నిద్ర లేపుతున్నట్టు. "లింబాద్రీ, ఆ ఎడమచెయ్యి ఎవలిది?"

*

గోడ అవతల ఉన్నది ఒక్కటే, దారీన్ రేవు నుంచి ఆ పొద్దున వచ్చిన పాత కట్టె లాంచీ. కచేరీ చివర్లో పెద్ద డప్పులా మోగించడానికి తెప్పించారు. "నేను లాంచీకి క్యూ ఇవ్వలేదు" అంటూనే ఉంది పద్మజ వెనక బోటులోంచి, ఎవరూ వినకపోయినా. హన్మాండ్లు ఒకవైపు, లింబాద్రి ఒకవైపు కూర్చుని లాంచీ దిక్కుకు తెడ్లు వేస్తున్నారు. అరవై దాటిన ముసలాయన ఆ వయసు మరిచిపోయాడు.

లింబాద్రి లాంచీ తాడు అందుకుని ఎగబాకాడు. పైన ఒక్కడే మనిషి. లక్ష్మణ్ కాదు. తెల్లగడ్డం, ఎండకు కమిలిన నల్లటి ముఖం, నడుముకు లుంగీ. బలూచీ ముసలివాడు, లాంచీ నడిపే అబ్దుల్ ఘనీ. రెండు చేతుల్లో రెండు కట్టెలు. రెండు చేతులూ బాగున్నాయి, పది వేళ్లూ నిక్షేపంగా ఉన్నాయి.

లింబాద్రి లాంచీ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

ముసలివాడు ఆ ముఖం చూసి బెదిరిపోయాడు. కట్టెలు వెనక్కి దాచుకున్నాడు. "గలత్ బజాయా క్యా, బేటా?" అని అడిగాడు. తప్పు కొట్టానా అని. "మాఫ్ కర్నా. ఆవాజ్ సునీ తో హాథ్ రుకా నహీఁ." ఆ చప్పుడు వినగానే చెయ్యి ఆగలేదట.

లింబాద్రి ఆ కట్టెల వైపు వేలు చూపించాడు. ఎడమ దెబ్బ ఆలస్యంగా ఎందుకు కొట్టావు చాచా అని హిందీలో అడిగాడు.

అబ్దుల్ ఘనీకి ప్రశ్నే అర్థం కాలేదు. "వో తో ఐసే హీ హై నా" అన్నాడు. ఆ తాళం అంతే కదా, మరోలా ఎలా కొడతారు? సరిగ్గా అలా పడేదాకా, ఎన్ని రోజులో కూర్చోబెట్టి నేర్పించాడు కదా నేర్పినవాడు?

కింద పడవలో హన్మాండ్లు చేతిలోంచి తెడ్డు జారి పడింది. ఆ తడబాటు తాళంలో లేదు. ఏ ఊళ్లోనూ లేదు. అది ఈ భూమ్మీద ఒక్క చేతిది. ఆ చేతి పక్కన కూర్చుని, చూసి, విని, అదే తాళమనుకుని నేర్చుకున్నవాడికి తప్ప ఇంకెవడికీ రాదు.

"నేర్పినోడు..." లింబాద్రి తెలుగులో మొదలుపెట్టి, హిందీలోకి రాలేకపోయాడు.

రేవు మసీదులో మైకు గరగరలాడింది. అబ్దుల్ ఘనీ అటువైపు ఒకసారి చూసి, కట్టెలు జాగ్రత్తగా కింద పెట్టి, దగ్గరికొచ్చాడు. ఉప్పు పట్టిన చేత్తో లింబాద్రి గడ్డం పట్టుకుని, పొద్దు వెలుగు పడేలా ముఖాన్ని తిప్పి చూశాడు. నుదురు చూశాడు. కనుబొమలు చూశాడు. ఎవరో చెప్పిన గుర్తులను సరిపోల్చుకుంటున్నట్టు, నిదానంగా.

"తూ లింబాద్రి హై క్యా?" అన్నాడు.